ఊకొట్టేవాడు అడ్డు కూడా తగలాలి

వినడమంటే నోరు మూసుకోవడమని మనకెవరు నేర్పారు?

ఐటీ ఆఫీసుల్లో ‘మైండ్‌ఫుల్ లిజనింగ్’ వర్క్‌షాపులు ఇప్పుడు మామూలు. అడ్డు రాకండి, తీర్పులివ్వకండి, ఊపిరిని గమనించండి. చివరి స్లైడు ఎప్పుడూ ఒకటే: అనిశ్చితిని అంగీకరించండి. నేను పనిచేసిన ఒకచోట ఈ సెషన్ పెట్టిన వారానికే ఉద్యోగాల కోత ప్రకటించారు. ఎవరు పోతారన్నది మాకు అనిశ్చితే. లిస్టు రాసినవాళ్ళకు మాత్రం కాదు.

ధ్యానంతో నాకు పేచీ లేదు. 1979లో జాన్ కబాట్-జిన్ మాసచూసెట్స్ యూనివర్సిటీలో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు, వచ్చినవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి నొప్పులతో బతుకుతున్న రోగులు. రేపు నొప్పి ఎంతుంటుందో డాక్టరుకీ తెలీదు, రోగికీ తెలీదు. అక్కడ ‘తెలీదు’ అన్నది నిజాయితీ. ఒకరికి తెలిసి ఇంకొకరికి చెప్పనిదాన్ని కూడా అనిశ్చితి అంటేనే మోసం.

వినడం నేర్చుకోవాలంటే కొమురవెల్లి పోదాం. అక్కడ సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారాల్లో మల్లన్న జాతర. మొదటిది పట్నం వారం, హైదరాబాద్ జనానిదే. పసుపు, కుంకుమ, రంగుపొడులతో పట్నం వేసి ఒగ్గు పూజారులు మల్లన్న కథ చెప్తారు. ఒగ్గుకథలో కథకుడు ఒంటరిగా ఉండడు, పక్కన వంతవాళ్ళుంటారు. వాళ్ళు ఊకొడతారు, మాట అందుకుంటారు, ‘ఎందుకట్లా?’ అని నిలదీస్తారు, ఎకసెక్కాలాడతారు. వర్క్‌షాపు లెక్కన ఇదంతా తప్పే. కానీ ఆ అడ్డు లేకుండా కథ ముందుకు కదలదు.

అనిశ్చితి సంగతీ అక్కడ వేరుగా ఉంటుంది. వాన పడేదీ లేనిదీ ఎవరికీ తెలీదు కాబట్టి మల్లన్నకు మొక్కుతారు. ఆ మొక్కులోనూ షరతుంది: పంట పండితే పట్నం వేయిస్తా. దేవుడి ముందు కూడా ఊరికే తలొంచరు.

అదే దేవుడి పేరు పెట్టుకున్న కొమురవెల్లి మల్లన్నసాగర్ ఉంది. 50 టీఎంసీల రిజర్వాయరు, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. మునిగిన ఊళ్ళలో వేములఘాట్ ఒకటి. 2016లో రిలే దీక్షలకు కూర్చున్న ఆ ఊరి జనం ఏడాది దాటినా లేవలేదు. ఎంత మునుగుతుంది, ఎంతిస్తారు, ఎక్కడికి పోవాలి? ఇవి వాన లాంటి ప్రశ్నలు కావు. వీటికి జవాబులు ఎవరో ఒకరు సంతకం పెట్టే ఫైళ్ళలో ఉంటాయి. వాళ్ళనీ కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమందామా?

సాహిత్య మిత్రులు కీట్స్‌ని గుర్తుచేస్తారు. సందేహంలో నిలవగలగడం గొప్ప గుణమని 1817లో తమ్ముళ్ళకు ఉత్తరం రాశాడు, నిజమే. ఆయన మాట్లాడింది రాసేవాడి మనసు గురించి. ఇల్లు మునిగేవాడికి దాన్ని సలహాగా ఇవ్వలేం.

ప్రశ్నించేవాళ్ళకి వినే ఓపికుండదన్నది ఇంకో వాదన. సరిగ్గా విననివాడికి అసలు ప్రశ్నెలా పుడుతుంది?

ఈసారి ఎవరైనా అనిశ్చితిని అంగీకరించమంటే, ‘ఇది మీకూ తెలీదా, మాకేనా?’ అని అడగండి. వాళ్ళకీ తెలీకపోతే పక్కన కూర్చుందాం, ఎంతసేపైనా విందాం. తెలిసీ చెప్పకపోతే, వంతవాళ్ళ పని మనం చేద్దాం.