లాలాగూడ ముచ్చట – 14: పుట్టుకతోనే స్వతంత్రులమా?

"స్వతంత్ర దేశంల పుట్టినోళ్లు, ఇంకా బానిసత్వం ముచ్చటేంది?" అని మొన్న ఒక మీటింగ్‌ల ఒక సారు అడిగిండు. జవాబు ఇక్కడ రాస్తున్న.

మా తాత భగేలా. అంటే, అప్పు కింద దొర దగ్గర జీతమున్నోడు. అప్పెంతో తాతకు తెల్వదు. లెక్క దొర పుస్తకంల, వేలిముద్ర తాతది. తండ్రి చస్తే అప్పు కొడుకు మెడకు. భూమి లేని ఇంట్ల వారసత్వం అదొక్కటే.

నిజాం సర్కార్ 1936ల భగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది. భగేలా పోలే. తాత రాత్రికిరాత్రి ఊరిడిసి లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌ల పనికి కుదిరిండు. కులం ఎంబడే వచ్చింది. కానీ నెల కాంగనే కూలి చేతికొచ్చేది, అప్పు రాలేదు.

1958ల మా నాయిన లాలాగూడ బస్తీల పుట్టిండు. అదే ఏడు ఊర్ల చిన్నతాతకు కొడుకు పుట్టిండు. నాయిన పలక పట్టిండు. ఆ కొడుకు ఎనిమిదేండ్లకే దొర పశువులు కాసిండు. ఇద్దరికీ ఒకటే రాజ్యాంగం. 1950 నుంచే 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. వెట్టి రద్దు ఆర్డినెన్స్ 1975 అక్టోబర్‌ల, చట్టం 1976ల వచ్చినయి. నడుమ 25 ఏండ్లు. అప్పుడు పుట్టినోళ్లు కాగితం మీద స్వతంత్రులు, దొర పుస్తకంల బాకీదార్లు.

సారూ, ఇప్పుడు చెప్పు. పుట్టుక ఒక్కటే స్వేచ్ఛ ఇస్తదా?

మరి మనం పుట్టు బానిసలమా? కానే కాదు. 1917ల బెజవాడ సభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ 'పంచమ' అనే పేరు కాదన్నడు, 'ఆది ఆంధ్ర' అన్నడు. 'ఆది' అంటే ఏంది? మేం మొదటి నుంచి ఈ నేల మనుషులం, బానిసత్వం తర్వాత మా మీద రుద్దింది అని. స్వేచ్ఛ ఎవడో ఇచ్చిన దానం కాదు, గుంజుకున్న సొమ్ము. దాన్ని మళ్ల తీసుకుంటున్నం, అంతే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపే కాలేజీలు మీకు తెలుసు. భగేలా, ఇది ఒకటే అంటలేను. ఇక్కడ కొరడా లేదు. కానీ కిటుకు పాతదే: సర్కార్ బాకీకి పేదోని బతుకు కుదువ పెట్టుడు. అప్పుడు వేలిముద్ర, ఇప్పుడు మెమో.

ఆ బీరువా ముంగట ఒక్కలే నిలబడి బతిమాలకుండ్రి. పదిమంది కలిసి పోండ్రి. మా తాతకు రాత్రి పూట ఉరుకుడు తప్ప దారి లేకుండె. మీకు పగటిపూట నిలబడి అడిగే దారి ఉన్నది.

జై భీమ్.

(ఇంకా ఉంది)