కెమెరా లెఫ్టా, ఆర్టిస్ట్ లెఫ్టా?

ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ జరిగేచోట "కొంచెం లెఫ్ట్‌కి జరగండి" అంటే చాలదు. కెమెరా లెఫ్టా, ఆర్టిస్ట్ లెఫ్టా అన్నది తేలాలి. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఒకరి ఎడమ ఇంకొకరికి కుడి కదా! సినిమావాళ్లు పాటించే ఈ పాటి జాగ్రత్త మన సివిల్ బ్యాచ్‌లు సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నప్పుడు పాటించట్లేదన్నది నా ఫిర్యాదు.

మోడల్ మొత్తానికీ గ్లోబల్ అక్షాలుంటాయి. ప్రతి బీమ్‌కీ సొంత లోకల్ అక్షాలు వేరే. స్టాడ్ ప్రోలో లోకల్ ఎక్స్ బీమ్ పొడవునా పోతుంది. అడ్డంగా ఉన్న బీమ్‌కి వై పైకి, జెడ్ పక్కకి. శాప్ 2000లో అవే 1, 2, 3. మన పాత స్టీల్ టేబుల్స్‌లో మాత్రం ఎక్స్-ఎక్స్ అంటే బలమైన అక్షం. ఐఎస్ 800:2007 దాన్నే జెడ్-జెడ్ అంటుంది. పేరు ఒకటే, మనిషి వేరు!

లైబ్రరీలోని సెక్షన్ అయితే ఏది ఎటో సాఫ్ట్‌వేర్‌కి ముందే తెలుసు. మనం సొంతంగా తయారుచేసిన సెక్షన్‌కి మనం ఇచ్చిందే వేదం.

అటుదిటైతే ఏమవుతుంది? లెక్క తేలిగ్గా ఉంటుందని ఐఎస్ఎంబీ 300నే తీసుకుందాం. టేబుల్‌లో బలమైన అక్షానికి 8603.6, బలహీనమైనదానికి 453.9 సెం.మీ.⁴. అంటే 19 రెట్ల తేడా. రెండు చివర్లా ఊరికే ఆనించిన 6 మీటర్ల బీమ్ మీద మీటరుకి 5 కిలోన్యూటన్ల భారం వేస్తే, సరిగ్గా నిలబెట్టినప్పుడు 5 మి.మీ. కుంగుతుంది. పక్కకి పడుకోబెడితే 93 మి.మీ. అసలు ప్రమాదం ఏంటంటే, రెండింట్లోనూ మూమెంట్ 22.5 కిలోన్యూటన్ మీటర్లే, రియాక్షన్లూ అవే. రిపోర్టులో ఆ బొమ్మ మాత్రమే అతికిస్తే ఎవరికీ అనుమానం రాదు.

"3డీ వ్యూ ఉందిగా" అంటారు. సెక్షన్ ఆకారం గీస్తే నిజమే. అంకెలు మాత్రమే టైప్ చేస్తే ఆ వ్యూలో కనిపించేదాన్ని నమ్మలేం.

రేపు మనం చేసే పనులన్నీ టేబుల్‌లో దొరికేవి కావు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45ని మాదాపూర్‌తో కలుపుతూ 2020 సెప్టెంబరులో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెననే చూడండి. ప్రధాన స్పాన్ 233.85 మీటర్లు. దాని డెక్ సెక్షన్ ఏ టేబుల్‌లో వెతుకుతాం? అంత దూరం ఎందుకు, స్టూడియో ఫ్లోర్‌లో లైట్లు వేలాడదీసే ఫ్రేమ్ అయినా సరే, దాని కింద లైట్‌మెన్, డాన్సర్లు నిలబడతారు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ప్రాజెక్ట్ రిపోర్టుల్లో వంద పేజీల ప్రింటవుట్ బదులు ఒక్క పేజీ తప్పనిసరి చేయాలి. ప్రతి కస్టమ్ సెక్షన్‌కీ చేత్తో గీసిన బొమ్మ, దాని మీద లోకల్ అక్షాల బాణాలు, ఒక సాదా బీమ్‌కి చేత్తో వేసిన డిఫ్లెక్షన్ లెక్క. వైవాలో మొదటి ప్రశ్న కూడా ఇదే కావాలి: "నీ బీమ్‌కి పైవైపు ఏది బాబూ?"