మందు ఒక యెత్తు, పరిచర్య ఒక యెత్తు

యింట్లో ఒకరు మంచాన పడితే చూడవచ్చినవాళ్ళు ముందు అడిగేది "యే డాక్టరుకు చూపించారు?" అని, తరవాత "యేం మందిచ్చాడు?" అని. "పక్కన యెవరుంటున్నారు?" అని అడిగేవారు తక్కువ. డాక్టరు రోగి దగ్గర వుండేది కొద్ది నిమిషాలు. మిగతా పగలూ రాత్రీ రోగి ప్రాణం వుండేది పరిచర్య చేసే చేతుల్లోనే.

చిత్తూరు సీమవారికి యీ సంగతి కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. అప్పటికి క్షయ క్రిములను చంపే మందు లోకంలో లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకు రోగికి ముఖ్యమైన ఆధారం విశ్రాంతి, మంచి తిండి, గాలీ వెలుతురూ, ఓర్పుగల పరిచర్య. అందరూ బతకలేదు గాని, కొందరు బతికారు.

మందులు వచ్చిన తరవాత, 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. క్షయరోగులలో కొందరిని శానిటోరియంలోను, కొందరిని వారి యిరుకు యిళ్ళలోను వుంచి, ఒకే రకం మందులు యేడాదిపాటు యిచ్చారు. 1959లో వెలువడిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. యింట్లో వున్నవారికీ దాదాపు అంత బాగానూ నయమైంది. యింటివారికి జబ్బు అంటుకోవడమూ హెచ్చు కాలేదు. అయితే మందు మానకుండా మింగించాలి కదా! ఆ బాధ్యత యింటిమీద పడింది. అంటే నర్సు పనిలో కొంత మన వంటింటి గడప దాటి లోపలికి వచ్చిందన్నమాట.

చిత్తూరుకు దగ్గరలోని వేలూరులో ఐడా స్కడర్ 1909లోనే నర్సుల బడి పెట్టింది. 1946లో అక్కడ డిగ్రీ చదువూ వచ్చింది. యిప్పుడు తిరుపతిలోనూ మన పిల్లలు నర్సింగు చదువుతున్నారు. వారు మొట్టమొదట నేర్చే పాఠాలు నాలుగు యింటిల్లిపాదికీ పనికివస్తాయి.

మొదటిది చేతులు. రోగిని ముట్టుకోబోయే ముందు, ముట్టుకున్న తరవాత సబ్బుతో 40 సెకన్లకు తగ్గకుండా కడగాలి. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, బొటనవేళ్ళు మరవకూడదు.

రెండవది నాడి. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపున, మూడు వేళ్ళు ఆనించి నిమిషం లెక్కపెట్టాలి. మీ బొటనవేలితో చూడకండి. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. విశ్రాంతిగా వున్న పెద్దవారికి 60 నుంచి 100 వరకు మామూలు. వూపిరి 12 నుంచి 20. వూపిరి లెక్కపెడుతున్నామని చెబితే రోగి తీరు మారిపోతుంది. కనుక నాడి చూసిన చెయ్యి అలాగే పట్టుకొని, రొమ్ము లేచి పడటం గమనించాలి.

మూడవది పడకపుండ్లు. కదలలేని రోగికి యెముక పైకి వుండే చోట్ల, అంటే నడుము కింద, తుంట్ల మీద, మడమల దగ్గర, తల వెనక, వొత్తిడివల్ల రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. రెండేసి గంటలకు వొక పక్కకు తిప్పాలి. దుప్పటి ముడతలు పడకూడదు, తడిగా వుండకూడదు. నొక్కినా పోని యెరుపు మొదటి హెచ్చరిక. మన చామనచాయ చర్మంలో యెరుపు తెలియకపోవచ్చు. చేత్తో తడిమి, వేడిగానో గట్టిగానో వుందేమో చూడాలి. పూర్వం అక్కడ స్పిరిటు రాసి రుద్దేవారు. యిప్పుడది కూడదంటున్నారు, రుద్దితే లోపలి కండ యింకా చెడుతుంది.

నాలుగవది తిండి. పడుకోబెట్టి గంజి పోయకండి, వూపిరితిత్తుల్లోకి పోతుంది. తల, వీపు యెత్తి కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగిన తరవాతనే మరో చెంచా పెట్టాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి. మగతగా వున్నవారి నోట్లో యేమీ పోయకూడదు.

యిన్ని పనులూ సాధారణంగా యింట్లో ఒక్కరి నెత్తినే పడతాయి. ఆ ఒక్కరు తల్లో, కోడలో, పెళ్ళికాని కూతురో. నిద్ర లేని మనిషి మందు వేళ మరిచిపోతుంది, తిప్పే వేళ దాటిపోతుంది. ఆసుపత్రిలో నర్సులు వంతులు వేసుకుంటారు. యింట్లోనూ అలాగే వేసుకోవాలి. రెండు గంటలకొకసారి తిప్పడానికి మగవారి చేతులూ పనికివస్తాయి, పైగా వారికి బలం కూడా యెక్కువ!

మంచం పక్కన ఒక నోటుపుస్తకం వుంచండి. జ్వరం యెంత, నాడి యెంత, యెన్నిసార్లు తాగారు, మూత్రం యెంత అయింది, మందు యెప్పుడు వేశారు అన్నీ గంటలతో రాయండి. వంతు మారినప్పుడు ఆ పుస్తకం చేతులు మారాలి. డాక్టరు వచ్చినప్పుడు ముందుగా చూపించవలసిందీ అదే.