ఒక్కదాన్నే వెళ్ళనా? ఇప్పుడు వెళ్ళనా?

తెనాలి నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది గనుక వేయడం లేదు. డిగ్రీ పూర్తయింది. గొంతు బాగుంటుందని కాలేజీలో అందరూ అనేవారట. హైదరాబాదులో డబ్బింగ్ వాయిస్ టెస్టుకి రమ్మని కబురొచ్చింది. ఇంకేముంది, ఇంట్లో ఒకటే గొడవ! "అసలే వానలు, తుఫానంటున్నారు. రోజులు బాగాలేవు. ఆడపిల్లవి, ఒక్కదానివే ఎలా వెళ్తావ్?" అని నాన్నగారు. తోడు రావడానికి ఎవరికీ తీరిక లేదు. "అక్కా, మీరైతే ఏం చేస్తారు? ధైర్యం చేసి వెళ్ళమంటారా, బుద్ధిగా ఇంట్లో కూర్చోమంటారా? ఒక్క ముక్కలో చెప్పండి" అని అడిగింది.

ఒక్క ముక్కలో తేలే సంగతైతే నాకీ పేజీ ఎందుకు చెల్లీ! అయినా నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. ఎందుకంటే ఇదే ప్రశ్న మా ఇంట్లో 2023 నవంబరులో వచ్చింది. దానికి మేం తప్పు జవాబు చెప్పుకున్నాం. ఆ కథ చెప్తాను, విను.

అంతకుముందు మన సినిమా వాళ్ళ సంగతి ఒకటి. తెర మీద అమ్మాయి ఒంటరిగా రైలెక్కిందంటే తర్వాత సీను ఏమిటో నేల టిక్కెట్టు కుర్రాడికి కూడా తెలుసు. నలుగురు రౌడీలు, ఒక వెకిలి నవ్వు, ఆ పైన హీరోగారి ప్రవేశం! ఆ అమ్మాయి ఏ పని మీద బయల్దేరిందో మాత్రం ఎవరికీ గుర్తుండదు. శేఖర్ కమ్ముల తీసిన 'గోదావరి' (2006)లో సీత తనంతట తాను లాంచీ ఎక్కి భద్రాచలం బయల్దేరితే మనకు అంత హాయిగా అనిపించింది అందుకేనేమో. హిందీ 'క్వీన్' (2014)లో రాణి పెళ్ళి ఆగిపోయి కూడా ఒక్కతే పారిస్ వెళ్ళింది. థియేటర్లో వాళ్ళకి చప్పట్లు కొట్టిన నాన్నలే, ఇంటికొచ్చాక కూతురు బస్సెక్కుతానంటే టీవీ సౌండు పెంచేస్తారు!

సరే, అసలు కథకి వద్దాం.

చెన్నైలో, వెస్ట్ మాంబళంలో, ఒక పెద్దాయన ఉన్నారు. పాత తెలుగు సినిమాలకి స్టిల్ ఫొటోగ్రాఫర్‌గా చేశారు. ఎనభై దాటాయి. పరిశ్రమ హైదరాబాదుకి తరలి వచ్చేసినా ఆయన అక్కడే ఉండిపోయారు. తెలిసినవాళ్ళ ద్వారా ఫోన్ చేస్తే, "రా అమ్మా, రెండు ట్రంకు పెట్టెల నిండా నెగెటివ్‌లున్నాయి. ఎవరూ చూళ్ళేదు. నువ్వు చూసి రాసుకో" అన్నారు. నాలాగా ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా, రాసినదానికి పారితోషికం వస్తే వచ్చింది లేకపోతే లేదు అనుకుని బతికేవాళ్ళకి అది లంకెబిందె దొరికినట్టే! విజయవాడ నుంచి పినాకినికి టిక్కెట్ తీసుకున్నాను. నవంబరు 25, శనివారం. ఉదయం ఆరు దాటాక బయల్దేరితే మధ్యాహ్నానికి చెన్నై. ఒక రాత్రి అక్కడ ఉండి మర్నాడు తిరుగు ప్రయాణం.

ఆ ఒక్క రాత్రి దగ్గరే వచ్చింది పేచీ. "లాడ్జీలో ఒక్కదానివే ఉంటావా?" అన్నారు నాన్న. బాబాయి పేపర్లో పడ్డ ఘోరాలన్నీ ఏకరువు పెట్టాడు. "రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నావుగా" అన్నాడు. నిజానికి ఆ వారం రోజులకి వచ్చిన జబ్బేమీ లేదు. రైళ్ళు నడుస్తున్నాయి, చెన్నైలో ఆ కాలంలో పడే మామూలు చినుకులే. నాకు ముప్ఫై దాటాయి. అయినా ఆ వాదనలో గెలవలేక, "వచ్చే వారం నేనూ వస్తాలే" అని బాబాయి అన్న మాట పట్టుకుని, టిక్కెట్ డిసెంబరు 3, ఆదివారానికి మార్చాను. ఇంత చర్చలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. వంటింట్లో పెసరట్లు పోసుకుంటూ ఉండిపోయింది.

డిసెంబరు ఒకటి నాటికి బంగాళాఖాతంలో వాయుగుండం. రెండో తారీకుకి తీవ్ర వాయుగుండం. 3 నుంచి 6 దాకా వందకు పైగా రైళ్ళు రద్దని రైల్వేవారి ప్రకటన. బాబాయి ఎప్పుడో జారుకున్నాడు. అప్పుడు నేనేం చేశాననుకున్నావు? బుద్ధిగా ఆగానా? లేదు! "నా రైలు ఆ లిస్టులో ఉంటే ఏ బస్సో పట్టుకుంటాను. ఒక్కదాన్నే వెళ్తాను, చూస్తూండండి" అని బట్టలు సర్దేశాను.

ఎందుకో తెలుసా? తుఫానంటే భయం లేక కాదు. ఇప్పుడు ఆగిపోతే నాన్న మాటే నెగ్గినట్టవుతుందని! పోయిన వారం ఓడిపోయిన పందెం ఈ వారం గెలవాలని! నీతో అబద్ధం ఆడటం ఎందుకు, అది ధైర్యం కాదు, ఉత్త పౌరుషం.

అప్పుడు వచ్చింది అమ్మ. చేతులు తుడుచుకుంటూ మంచం మీద కూర్చుంది. మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. వేలమంది పోయారు. తర్వాత ఎన్టీ రామారావుగారు, అక్కినేనిగారు బాధితుల కోసం ఊరూరా తిరిగి జోలె పట్టిన సంగతి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. అమ్మ మాత్రం ఆ రోజు గురించి మాట్లాడదు. ఆ రాత్రి మాట్లాడింది.

"మా పెదనాన్న ఆ రోజు కోడూరు వెళ్ళాడే. పొద్దుట్నించీ గాలి. వద్దని అందరూ అన్నారు. 'నేనేం ఒంటరిగా పోతున్నానా, నలుగురం కలిసేగా' అన్నాడు. నలుగురూ రాలేదు." కాసేపు ఊరుకుంది. "నువ్వు ఒక్కదానివే వెళ్తున్నావని నేను వద్దనడం లేదు. ఎదురింటి మగపిల్లాడు వెళ్తానన్నా ఇదే చెప్తాను. నీళ్ళు మనుషుల్ని లెక్కపెట్టవే. ఇది తగ్గనీ. తగ్గాక నువ్వొక్కదానివే వెళ్ళు. మీ నాన్నతో నేను చెప్తాను."

శనివారం రాత్రే టిక్కెట్ రద్దు చేసుకున్నాను. కొంత కోసుకుని మిగతాది తిరిగిచ్చారు. ఇంకో రోజు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ రాత్రి మనసుకి ఆ కోత ఎక్కువ అనిపించలేదు.

తర్వాత సంగతి తెలిసిందే. వాయుగుండం కాస్తా మిగ్‌జాం తుఫాను అయ్యింది. 3, 4 తారీకుల్లో చెన్నైలో కొన్నిచోట్ల నలభై సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. 4న విమానాశ్రయం రన్‌వే మూసేశారు. 5న తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ బాపట్ల మా రైలు దారిలోదే. అదే రోజు కారపాక్కంలో తమిళ హీరో విష్ణు విశాల్‌నీ, అక్కడే ఉన్న ఆమిర్ ఖాన్‌నీ సహాయ సిబ్బంది పడవలో బయటికి తెచ్చిన ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆమిర్ ఖాన్ ఒంటరివాడా? పలుకుబడి లేనివాడా? నీళ్ళు ఆయన్ని కూడా లెక్కపెట్టలేదు. అమ్మ చెప్పిన మాటే!

డిసెంబరు 16న వెళ్ళాను. ఒక్కదాన్నే. సెంట్రల్లో దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి మాంబళంలో దిగాను. దారిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అన్నవాళ్ళు ఎవరంటే, నెల్లూరు దగ్గర ఎక్కిన ఒక మామ్మగారు. "ఇంకా పెళ్ళి కాలేదా?" అని! అది తోడున్నా తప్పదు.

పెద్దాయన ఇల్లు కింది వాటా. గోడ మీద మోకాలెత్తున నీటి చార కనబడుతోంది. రెండు ట్రంకు పెట్టెల్లో ఒకటి బీరువా మీద ఉండబట్టి బతికింది. రెండోది మంచం కింద ఉంది. నీళ్ళు తగ్గాక ఆయనా మనవడూ నెగెటివ్‌లు తీసి ఎండబెట్టారట. తడిసినవి తడిసినట్టుండగానే, ఇంకా అంటుకోకముందే, మంచినీళ్ళలో మెల్లగా విడదీసుకోవాలి. ఆరితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆయనకి ఆ సంగతి తెలియక కాదు, ఆ రోజుల్లో తాగడానికే మంచినీళ్ళు లేవు. నా చేతికిచ్చినవి ఇటుక ముక్కల్లా ఉన్నాయి.

"పోయిన నెలలో వస్తానన్నావు కదమ్మా. వచ్చుంటే చూసుండేదానివి" అన్నారాయన. నిష్ఠూరం కాదు, మామూలుగానే అన్నారు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

రైల్లో వస్తూ ఆలోచించాను. ప్రశ్నలు రెండు. "ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?" అనేది ఒకటి. "ఇప్పుడు వెళ్ళొచ్చా?" అనేది ఇంకొకటి. మా ఇంట్లో ఆ రెంటినీ ఒకే మూటలో కట్టేశాం. ఆకాశం బాగున్న వారంలో మొదటి ప్రశ్న మీద కొట్టుకుని, వెళ్ళాల్సిన రోజు పోగొట్టుకున్నాం. తుఫాను వచ్చిన వారంలో కూడా నా బుర్రలో ఆ మొదటి ప్రశ్నే తిరుగుతోంది గనుక, వెళ్ళకూడని రోజున పెట్టె సర్దాను. రెండు తప్పులకీ వేరు ఒక్కటే!

చెల్లీ, నీ ఉత్తరంలో కూడా ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి చూడు. "వానలు, తుఫాను, ఆడపిల్లవి, ఒక్కదానివే..." వాటిని విడదియ్యి.

మొదటిది: ఒక్కదానివే వెళ్ళడం. దీనికి జవాబు ఏర్పాట్లలో ఉంది. తెల్లవారి బయల్దేరి, వెలుతురుండగా చేరే రైలు చూసుకో. వాయిస్ టెస్ట్ ఎక్కడో స్టూడియో పేరూ అడ్రసూ తెలుసుకుని, స్టూడియో వాళ్ళకే నువ్వు ఫోన్ చేసి నిజమో కాదో అడుగు. టెస్టుకి ముందే డబ్బు కట్టమన్నా, స్టూడియో కాకుండా హోటల్ గదికి రమ్మన్నా, నువ్వు వెళ్ళనక్కర్లేదు. అప్పుడు మీ నాన్నగారు తోడొచ్చినా వెళ్ళనక్కర్లేదు. రైల్లో ఇబ్బందైతే 139, ఎక్కడైనా సరే 112. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ కోసం రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వారి 'మేరీ సహేలీ' అని ఒక ఏర్పాటు 2020 నుంచి ఉంది. బయల్దేరే స్టేషన్‌లో వాళ్ళకి కనబడి చెప్పు. ఈ కాగితం మీద రాసి నాన్నగారి ముందు పెట్టు. మాటతో వాదిస్తే మాట పెరుగుతుంది. కాగితం పెడితే ఆయన అడ్రసు చదవడం మొదలెడతారు!

రెండోది: ఇప్పుడు వెళ్ళడం. దీనికి జవాబు నీ ధైర్యంలో లేదు, మీ నాన్నగారి భయంలోనూ లేదు. వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉంది. వాళ్ళు నాలుగు రంగులు పెట్టారు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే కనిపెట్టి ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే రక్షణ చర్య తీసుకోమని. దిగే ఊరు ఒక్కటే చూస్తే చాలదు, దారిలో జిల్లాలూ చూడాలి. తిరిగి వచ్చే రోజూ చూడాలి. వెళ్ళడం తేలికే, చిక్కుకుపోవడం కష్టం.

నా మట్టుకు ఒక లెక్క పెట్టుకున్నాను. పసుపైతే గొడుగు పట్టుకుని వెళ్తాను. నారింజ అయితే పని వాళ్ళకి ఫోన్ చేసి వాయిదా అడుగుతాను. ఎరుపైతే ఎవరు పిలిచినా కదలను. ఈ లెక్క టిక్కెట్ తీసుకునే రోజునే రాసి పెట్టుకుంటాను. ఎందుకంటే పెట్టె సర్దాక మనిషికి పౌరుషం వస్తుంది, బుద్ధి పోతుంది. అది నా అనుభవం! రైల్వేవారు తామే రైలు రద్దు చేస్తే టిక్కెట్ డబ్బు పూర్తిగా వెనక్కొస్తుంది గనుక, డబ్బు పోతుందని కూడా వెళ్ళనక్కర్లేదు.

ఒకవేళ ఆగాల్సి వస్తే, ఆగు. కానీ "ఆడపిల్లనని ఆగాను" అనుకోకు, ఇంట్లో ఎవర్నీ అననివ్వకు. "ఎర్ర హెచ్చరిక ఉంది గనుక ఆగాను, అది పోగానే వెళ్తాను" అని గట్టిగా చెప్పు. ఆ వాయిస్ టెస్ట్ వాళ్ళకీ అదే చెప్పు. తుఫానులో రానందుకు కోప్పడే స్టూడియోలో గొంతు అమ్ముకోకపోతే మాత్రం నీకొచ్చే నష్టమేమిటి? అలాగే ఆకాశం తెల్లగా ఉన్న రోజున "రోజులు బాగాలేవు" అని ఎవరైనా అంటే, "ఏ రోజు? ఎక్కడ?" అని మర్యాదగానే అడుగు. జవాబు ఉంటే విను. లేకపోతే చెప్పులేసుకో.

నా బల్ల మీద ఆ నెగెటివ్‌ల ఇటుక ముక్క ఒకటి ఉంది. పెద్దాయనే ఇచ్చారు. అందులో ఏ హీరోయిన్ నవ్వుతోందో, ఏ సెట్టు ఉందో ఇక ఎవరికీ తెలియదు. నేను ఒక వారం ముందు వెళ్ళి ఉంటే ఆ బొమ్మ ఈ పేజీలో మీరు చూసేవారు.

చెల్లీ, హైదరాబాదు వెళ్ళొచ్చాక మళ్ళీ ఉత్తరం రాయి. వెళ్ళకుండా ఆగితే ఏ రంగు చూసి ఆగావో రాయి. ఏదైనా సరే, రెండు ప్రశ్నల్లో నువ్వు దేనికి జవాబు చెప్పావో మాత్రం తప్పకుండా రాయి.