గాబరాను గూడ తెగులుగనే చూడవలెను

ఇట్టి పత్రికలలో విత్తనములను గూర్చి, ఎరువులను గూర్చి, సస్యరక్షణను గూర్చి వ్రాయుట ఆనవాయితీ. ఈసారి పైరును గూర్చి గాక, పైరును కాచు మనిషిని గూర్చి వ్రాయుచున్నాను. పంటల చదువు చదివినవాడు మనుష్యుల రోగములను గూర్చి వ్రాయుట యేమని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను వైద్యుడను గాను. చికిత్స చేయుట నా పని గాదు. కాని పొలము గట్టు మీద నిలబడి రైతుతో మాట్లాడు ప్రభుత్వోద్యోగులలో మా శాఖవారమే ముందుందుము. ఈ తెగులు మొదట కంటబడునది గూడ ఆ గట్టు మీదనే.

సస్యరక్షణలో మొదటి పాఠమేమి? చేనిలో పురుగు కనబడినంత మాత్రమున మందు కొట్ట నక్కరలేదు. ప్రతి చేనిలోను కొంత పురుగు ఉండనే యుండును. అది యెంత ఉన్నది, ఎన్నాళ్ల నుండి ఉన్నది, దిగుబడిని ఎంత తినుచున్నది అని చూచి, ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే మందు వాడవలెను. భయము సంగతియు ఇంతే. వరి కోసి పనల మీద ఉండగా ఆకాశము మూసికొనివచ్చిన యెడల గుండె ఝల్లుమననివాడు రైతే కాడు. బ్యాంకు వాయిదా దగ్గరపడినప్పుడు ఒకటి రెండు రాత్రులు నిదుర పట్టకపోవుట సహజమే. ఆ భయమే మనచేత పనలను కుప్ప వేయించును. పరదా పట్టాలు సిద్ధము చేయించును. అది మిత్రపురుగు వంటిది. అట్లుగాక వాన వెలిసి, ధాన్యము ఇల్లు చేరిన తరువాత గూడ దడ తగ్గక, ఒక దిగులు పోగానే మరియొక దిగులు వచ్చి కూర్చుండుచు, నెలల తరబడి నిదుర, ఆకలి, పని చెడుచున్నచో పరిమితి దాటినదని తెలిసికొనవలెను. ఆరు నెలలకు పైగా ఎక్కువ దినములలో అదుపులేని చింత, దానితో బాటు అలసట, కండరముల బిగువు, చిరాకు, మనసు నిలువకపోవుట, నిదుర లేమి వంటివి ఉన్నచో వైద్యులు దానిని ఆందోళన వ్యాధి అని నిర్ణయింతురు. ఆరు నెలలు నిండువరకు ఆగి చూడుమని దీని భావము కాదు. ఆకుమచ్చ ఆకంతయు ప్రాకువరకు ఎవ్వరు ఆగుదురు?

మన పల్లెలలో దీనికి ఈ పేరు లేదు. ఒకరు నరముల బలహీనత అందురు. ఒకరు గ్యాసు అందురు. గాలి సోకినదని తాయెత్తు కట్టించువారు ఉన్నారు. అన్నింటికన్న హెచ్చుగా జరుగునది సెలైను. గాబరాగా ఉన్నదనగానే ఊరి వైద్యుడు ఒక సీసా ఎక్కించి, బి కాంప్లెక్సు సూది వేసి పంపును. మంచము మీద గంటసేపు పండుకొని, నలుగురు పలకరించుటచే మనసు కొంత తేరుకొనును. నీరసము పోయినదని రోగి నమ్మును. నాలుగవ నాటికి మరల మొదలు. ఉప్పునీరు ఎక్కించిన గాబరా పోదు. జింకు లోపము గల చేనికి యూరియా వేయుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఖర్చు మాత్రము తప్పదు.

అసలు శరీరములో జరుగునదేమి? ఆపద కనబడినప్పుడు మూత్రపిండముల పైనున్న గ్రంథుల నుండి అడ్రినలిన్ అను ద్రవము రక్తములోనికి విడుదల యగును. గుండె వేగముగా కొట్టుకొనును, శ్వాస వడిగా ఆడును, చెమట పట్టును. పాము ఎదురైనప్పుడు పరుగెత్తుటకు ఇది మిక్కిలి పనికివచ్చు ఏర్పాటు. పాము లేకుండగనే ఈ ఏర్పాటు కదలుటయే రోగము. కొందరికి ఇది ఒక్కసారిగా ఉప్పెనవలె వచ్చును. గుండె పగులునట్లుండి, చేతివ్రేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగి, ప్రాణము పోవుచున్నదని తోచును. దీనిని పానిక్ ఎటాక్ అందురు. వ్రేళ్ల తిమ్మిరి పక్షవాతము కాదు. వడివడిగా శ్వాస తీయుటచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గుట దానికి కారణము. సాధారణముగా సుమారు 10 నిముషములలో ఈ ఉప్పెన శిఖరమునకు చేరి, తరువాత తీసిపోవును. ఆ సమయమున గాలిని మెల్లగా పీల్చి, అంతకన్న మెల్లగా విడుచుట మేలు చేయును. అయితే మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు అది గాబరాయే అని ఇంటిలో తీర్మానము చేయరాదు. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించవలెను. థైరాయిడు వ్యాధి, రక్తహీనత గూడ దడ పుట్టించును. వానిని వైద్యుడు పరీక్షించి తీసివేయవలెను.

ఇచ్చట మా శాఖకు సంబంధించిన ముఖ్యమైన హెచ్చరిక యొకటి కలదు. క్లోరిపైరిఫాసు, ప్రొఫెనోఫాసు వంటి ఆర్గానో ఫాస్ఫేటు మందులు కొట్టిన దినమున చెమటలు, వణుకు, కంగారు కలిగినచో దానిని భయముగా ఎంచరాదు. అది విషము కావచ్చును. గాబరాలో నోరు ఎండిపోవును; ఈ విషములో చొంగ, కన్నీరు, కఫము కారును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును, చూపు మసకబారును, కండరములు అదురును. వెంటనే తడిసిన బట్టలు విడిపించి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108 వాహనమును పిలిపించవలెను. మందు డబ్బాను, కనీసము దాని మీది చీటీని వెంట తీసికొనిపోవలెను. దీనికి ఆసుపత్రిలో అట్రోపిన్ అను విరుగుడు కలదు.

ఇక 2021 సంవత్సరపు మిరప సంగతి. నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశము, ఖమ్మము ప్రాంతముల తోటలలో పూతలోనికి దూరి పంటను ఊడ్చివేసినది. పువ్వు లోపల దాగిన పురుగుకు మందు సరిగా తగలలేదు. భయముతో దినము విడిచి దినము కొట్టినవారున్నారు, రెండు మూడు మందులు కలిపి కొట్టినవారున్నారు. మిత్రపురుగులు చచ్చినవి, తామర పురుగు మిగిలినది, అప్పు పెరిగినది. ఆ తరువాత నేనెరిగిన రైతు ఒకాయన, పంట మార్చిన పిమ్మట గూడ, రాత్రి రెండు గంటలకు లేచి టార్చి పుచ్చుకొని చేనికి పోవుచుండెను. "చూసొస్తే ఓ గంట నిమ్మళంగా ఉంటది సార్, మళ్ళీ మొదలైతది" అని చెప్పెను. ఆ ఒక్క మాటలో ఈ రోగము యొక్క గుట్టంతయు ఉన్నది. చూచివచ్చిన గంట నిమ్మళమే రోగమునకు ఎరువు. చూడకపోయినను ఏమియు కాదని మనసునకు తెలిసికొను అవకాశమే దొరకదు. మార్కెట్టు యార్డుకు పోయిన దడ వచ్చునని పోవుట మానినవారికి, నలుగురిలో మాట్లాడవలసివచ్చునని గ్రామసభకు రానివారికి గూడ ఇదే వరుస. తప్పించుకొన్న కొలది భయము బలియును.

కావున చికిత్సలో ఒక భాగము ఈ వరుసను తెంపుట. జోసెఫ్ వోల్పే అను వైద్యుడు భయపడు వస్తువునకు రోగిని మెట్టు మెట్టుగా అలవాటు చేయు పద్ధతిని 1958లో గ్రంథముగా ప్రచురించెను. తరువాత ఆరన్ బెక్ అను అమెరికా వైద్యుడు తప్పుడు ఆలోచనలను రోగిచేతనే పరీక్షింపజేయు పద్ధతిని రూపొందించెను. ఈ రెండును కలిసి నేడు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అను పేర వాడుకలో ఉన్నవి. టార్చి రైతుకు దీని ప్రకారము చెప్పునది "ధైర్యముగా ఉండుము" అని కాదు. ఈ వారము రాత్రికి ఒక్కసారి మాత్రమే పొమ్మనియు, పై వారము ఒకనాడు పోక దడ ఎంతసేపటికి తగ్గునో గడియారము చూచుకొమ్మనియు చెప్పుదురు. ధైర్యము చెప్పుట తేలిక. నేను చూచినంతలో దానివలన లొంగినవారు లేరు. తన దిగులు నవ్వులాటైనదని రైతు ఆపై నోరు విప్పడు.

రెండవ భాగము మందులు. సెర్ట్రలీను, ఎస్సిటలోప్రాము వంటివి వైద్యులు వాడుదురు. ఇవి మత్తుమందులు కావు. యూరియా చల్లిన మరునాడే చేను పచ్చబడనట్లు, వీని గుణము కనబడుటకు 2 మొదలు 6 వారములు పట్టును. మొదటి దినములలో వికారము, కొంచెము ఎక్కువ కంగారు కలుగవచ్చును. పెక్కుమంది అక్కడనే మానివేయుదురు. లేదా గుణమివ్వగానే మానివేయుదురు. రెండును తప్పే. తగ్గిన తరువాత గూడ వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడి, ఆయన సలహాపై మెల్లమెల్లగా తగ్గించి మానవలెను.

దీనికి భిన్నమైనది అల్ప్రాజోలము. మ్రింగిన గంటలోపలనే నెమ్మది కలిగించును గనుక మందుల దుకాణమున చీటీ లేకయే అడిగి కొనువారు గలరు. కొలది వారములలోనే శరీరము దానికి అలవాటుపడును. హఠాత్తుగా మానినచో గాబరా రెట్టింపై, ఫిట్సు గూడ రావచ్చును. తెలంగాణములో కల్తీ కల్లులో కలుపునది ఇట్టి మందులనే. 2015లో కల్తీపై దాడులు జరిగి అట్టి కల్లు దొరకకపోగా, అలవాటుపడిన అనేకులు వింతచేష్టలతో, ఫిట్సుతో ఆసుపత్రుల పాలైరి. సారా సంగతియు ఇంతే. రాత్రి త్రాగిన నిదుర తెల్లవారుజామున దడగా మారును.

అప్పులు తీర్చక మాత్రలిచ్చిన లాభమేమి అని నన్ను అడిగినవారున్నారు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. కౌలు కార్డు లేక బ్యాంకు గడప ఎక్కలేని రైతు దిగులును మాత్రతో మాన్పవలెనని నేను అనను. గిట్టుబాటు ధరకు, పంట నష్ట పరిహారమునకు మారుగా ఆసుపత్రిని చూపించువారితో నేను ఏకీభవింపను. కాని రెండవ వైపును చూడుడు. గాబరాతో చేతులు వణుకు మనిషి బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుండి వాయిదా పొడిగింపు అడుగలేడు. దరఖాస్తు గడువు తెలిసియు ఇల్లు కదలడు. నాసిరకపు మందు అమ్మువాడు బెదిరించిన మాటనే నమ్మును. అప్పు రోగమును పెంచును, రోగము అప్పును పెంచును. ఏ ఒక్కటి విడిచినను రెండవది లొంగదు.

వ్యాధి అరుదైనదియు కాదు. 2019లో ప్రపంచమున 30 కోట్లకు పైగా జనులకు ఆందోళన వ్యాధులున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చికిత్స పొందునది నలుగురిలో ఒకరు మాత్రమే. మన దేశములో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము 1982లోను, జిల్లా కార్యక్రమము 1996లోను మొదలైనవి. విశాఖపట్టణములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యాలయములున్నవి. అంత దూరము పోవలసిన అవసరము అందరికిని లేదు. ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని వైద్యునికి చెప్పవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా, రాత్రింబవళ్లు, తెలుగులో మాట్లాడుదురు.

మా శాఖ చేయదగిన పని కొంత ఉన్నది. గ్రామ వ్యవసాయ సహాయకులకు ఇచ్చు శిక్షణలో పురుగుల గుర్తింపునకు ఎన్నియో గంటలు కేటాయింతుము. దీనికి ఒక గంట కేటాయించిన చాలును. 2006లో తయారైన 7 ప్రశ్నల పట్టిక యొకటి ఉన్నది. గడచిన రెండు వారములలో కంగారు, అదుపులేని చింత, చిరాకు వంటివి ఎన్ని దినములు బాధించినవో అడిగి, ఒక్కొక్క దానికి 0 నుండి 3 వరకు మార్కులు వేయుదురు. మొత్తము 10 గాని అంతకు మించి గాని వచ్చినచో వైద్యుని వద్దకు పంపవలెను. ఆకురంగు పట్టికతో యూరియా అవసరము కొలుచు సహాయకునికి ఇది కష్టమైన పని కాదు. అతడు రోగ నిర్ణయము చేయనక్కరలేదు, చేయరాదు గూడ. మరియొకటి. పురుగుమందు డబ్బాలను మంచము క్రింద, వంటింటి అటుక మీద ఉంచు అలవాటును మాన్పించవలెను. దిగులుతో నిదురలేని మనిషి ఉన్న ఇంటిలో వానికి తాళము వేసి, తాళపుచెవి వేరొకరి వద్ద ఉంచవలెను. మిగిలిన మందును పొరుగువారి కొట్టములోనికి మార్చుట ఇంకను మంచిది.

మా రైతు సేవా కేంద్రములో కిసాన్ కాల్ సెంటరు సంఖ్య ప్రక్కన 14416 సంఖ్యను గూడ పెద్ద అంకెలతో వ్రాయించితిమి. మొన్న ఎరువుల కొరకు వచ్చిన ఒకామె దానిని చూచి, "మా ఆయన కోసం, ఆయనకు చెప్పకుండా నేను చెయ్యొచ్చా సార్?" అని అడిగినది. చేయవచ్చును. ఇంటివారు మాట్లాడినను వారు సలహా చెప్పుదురు.