పోదనూరు పిల్లల కాలేజీ ఫీజుకు ఊరి నిధి

కోయంబత్తూరు శివారు పోదనూరులో ప్లస్ టూ పాసైన ప్రతి విద్యార్థికీ కాలేజీ ఫీజు ఊరే కట్టాలి. ఇక్కడి తెలుగు కుటుంబాలు ముందు నిలిచి ఇందుకొక నిధి మొదలుపెట్టాలి. సాయం మాత్రం ఊరి పిల్లలందరికీ, కులమూ ఇంటి భాషా అడగకుండా అందాలి.

దీనికి ఆదర్శం పక్కనే ఉంది. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురు. 1926లో ఆస్తిని వాళ్లు నాలుగు కాకుండా ఐదు వాటాలు వేసి, ఐదోది ధర్మానికి విడిచారు. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ అలా పుట్టింది. 1947లో ఆర్ట్స్ కాలేజీ, 1951లో టెక్నాలజీ కాలేజీ ఆ ధర్మం కిందే వెలిశాయి. అంత ఆస్తి లేని ఇళ్లకూ సాయం చేసే దారి ఒకటి ఉండేది. తెలుగునాట పేద విద్యార్థి వారాలు చేసుకుని, రోజుకొక ఇంట భోంచేసి చదువు ముగించేవాడు. ఏ ఇంటికీ అది మోయలేని బరువు కాలేదు. ఇప్పుడు కావలసింది ఫీజుకు అలాంటి వారాలే.

తమిళనాడు ప్రభుత్వం చేస్తున్నది తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీల్లో డిగ్రీకి ట్యూషన్ ఫీజు లేదు. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లలకు 2022 నుంచి పుదుమైప్పెణ్ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు వస్తున్నాయి. మగపిల్లలకు అదే మొత్తం ఇచ్చే తమిళ్ పుదల్వన్ 2024 ఆగస్టులో కోయంబత్తూరులోనే మొదలైంది. చిక్కల్లా సీట్ల దగ్గర. ప్రభుత్వ కాలేజీలో చోటు దొరకని పిల్లలు ఎయిడెడ్ కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకో, ప్రైవేటు కాలేజీకో పోవాలి. సీటు వచ్చిన కబురుతోనే ఫీజు గడువూ వస్తుంది. నగ కుదువకు పోతుంది, లేదా వడ్డీకి అప్పు పుడుతుంది. రెండూ కుదరని ఇంట ఆడపిల్లను ఒక ఏడాది ఆగమంటారు. ఆ ఏడాది మిల్లు పనిలో గడిచాక మళ్లీ పుస్తకం పట్టడం ఎంత కష్టమో ఈ జిల్లాకు బాగా తెలుసు. నిధి మొదట ఆపవలసింది ఈ నష్టాన్నే.

అమెరికాలో కలమజూ అనే పట్టణం ఇదే పని చేసింది. పేరు చెప్పుకోని దాతల డబ్బుతో, ఊరి ప్రభుత్వ బడుల్లో చదివి పాసైనవాళ్లకు ట్యూషన్ ఫీజు కడతామని 2005 నవంబరులో ప్రకటించారు. మార్కులు, తల్లిదండ్రుల ఆదాయం చూడరు. కిండర్‌గార్టెన్ నుంచి అక్కడే చదివితే మొత్తం ఫీజు, తొమ్మిదో తరగతిలో చేరితే 65 శాతం. కాలేజీకి వెళ్లేవాళ్లూ, చదువు ముగించేవాళ్లూ పెరిగారని పరిశోధకులు తేల్చారు. ఇందులో పట్టుకోవలసింది ముందే ఇచ్చే మాట. ఆరో తరగతిలోనే కాలేజీ ఖాయమని తెలిసిన ఇంట్లో పిల్లను బడి మాన్పించే మాట ఎత్తడం కష్టం.

పోదనూరులో ఆ మాట ఆరో తరగతి నుంచి ఇస్తే సరిపోతుంది. ప్రభుత్వ సాయం పోగా మిగిలిన ఫీజును నిధి నేరుగా కాలేజీకే కట్టాలి. ఐటీఐ, పాలిటెక్నిక్ కూడా లెక్కలోకి రావాలి. ఒక సెమిస్టర్ తప్పినంత మాత్రాన సాయం ఆపకూడదు, తడబడినవాడికే అండ ఎక్కువ అవసరం.

డబ్బు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. కోటి రూపాయల మూలధనం మీద ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏటా ఏడు లక్షలు. తలకు 35,000 ఫీజు అయితే ఇరవై మందికి వస్తుంది. డిగ్రీ మూడేళ్లు కాబట్టి ఏటా కొత్తగా చేర్చుకోగలిగేది ఆరేడుగురినే. అందుకే డిపాజిట్టు ఒక్కటే చాలదు. అయిదు వందల ఇళ్లు నెలకు రెండు వందలు వేస్తే ఏడాదికి పన్నెండు లక్షలు, అంటే మరో 34 మంది. రైల్వే పింఛను మీద స్థిరపడిన కుటుంబాలు, కురిచి సిడ్కో పేటలో వర్క్‌షాపులు నడిపేవాళ్లు ఉన్న ఊరికి ఇది పెద్ద మొత్తం కాదు. చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయవలసిన కంపెనీలనూ అడగవచ్చు, విద్య ఆ పద్దులోదే.

నిధిని రిజిస్టరైన ట్రస్టు చూడాలి, దాతలకు పన్ను మినహాయింపు దక్కే గుర్తింపు తెచ్చుకోవాలి. ధర్మకర్తల్లో బడి ఉపాధ్యాయులు, తల్లులు, తెలుగేతర కుటుంబాలవాళ్లు ఉండాలి. ఆడిట్ అయిన లెక్క ఏటా బడి గోడకు అంటించాలి, సాయం పొందిన పిల్లల పేర్లు మాత్రం అందులో ఉండకూడదు. దస్తావేజు ఈ ఏడాదే రిజిస్టరైతే వచ్చే జూన్‌లో కాలేజీకి వెళ్లేవాళ్లకే మొదటి ఫీజు కట్టవచ్చు.