ఆపినట్టా, ఆపనట్టా?

బెంగళూరు కోర్టులో ఉరిశిక్ష పడిన మనిషి చివరికి చేరేది బెళగావి హిండలగా జైలుకు. కర్ణాటకలో ఉరికంబం ఉన్నది అక్కడే. బెంగళూరు పరప్పన అగ్రహార జైల్లో ప్రముఖులకు జరిగే మర్యాదలు గంటగంటకూ చూపించే టీవీలకు హిండలగా గుర్తుకు రావడం అరుదు.

1998లో పీణ్యాలో ఒక మహిళపై అత్యాచారం చేసి చంపిన బి.ఎ. ఉమేశ్‌కు 2006లో బెంగళూరు సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. 2009లో హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేశాయి. 2013లో రాష్ట్రపతి క్షమాభిక్ష అర్జీని తోసిపుచ్చారు. అయినా ఉరి అమలు కాలేదు. క్షమాభిక్ష తేలకముందే 2006 నుంచి అతన్ని ఏళ్లతరబడి ఏకాంత ఖైదులో ఉంచడం చట్టవిరుద్ధమని 2022 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టి, శిక్షను కనీసం 30 ఏళ్ల యావజ్జీవంగా మార్చింది. అతని మీద నాకు జాలి లేదు. కానీ హత్యకు గురైన మనిషి కుటుంబం చివరి మాట కోసం 24 ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. ఉరి కావాలనేవాళ్లు ఆ కుటుంబాల పేరే చెబుతారు మరి!

వీరప్పన్ ముఠాలోని నలుగురిదీ ఇదే దారి. 1993లో పాలార్ దగ్గర మందుపాతర పేలి 22 మంది చనిపోయారు. మైసూరు టాడా కోర్టు యావజ్జీవం వేస్తే, అప్పీలుకు వెళ్లినవాళ్లకు 2004లో సుప్రీంకోర్టు దాన్ని ఉరికి పెంచింది. క్షమాభిక్ష అర్జీలు తొమ్మిదేళ్లు ఢిల్లీలో పడి ఉన్నాయి. చివరికి 2014 జనవరిలో అదే సుప్రీంకోర్టు, అంత ఆలస్యం చేయడమే క్రూరత్వమంటూ వీళ్ల ఉరిని రద్దు చేసింది; ఆ తీర్పుతో మొత్తం 15 మందికి ఉరి తప్పింది.

ఈ శతాబ్దంలో మన దేశం ఉరితీసింది ఎనిమిది మందిని. చివరిసారి 2020 మార్చిలో, నిర్భయ కేసులో. కింది కోర్టులు ఒక్క 2022లోనే 165 మందికి ఉరిశిక్ష వేశాయి. అమలును దాదాపు ఆపేశాం. ఆపామని ఒప్పుకోవడమే మిగిలింది.

మరణశిక్షను చట్టంలోంచి తీసేయకపోయినా సరే, అమలు మాత్రం ఆపండని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2007లో మొదటిసారి తీర్మానించింది. అప్పుడు 104 దేశాలు ఔనన్నాయి, 2024 డిసెంబరు నాటికి 130 అయ్యాయి. మన ఓటు మొదటినుంచీ వ్యతిరేకమే. ఏ శిక్ష వేసుకోవాలో తేల్చుకునే సార్వభౌమ హక్కు మాదేనన్నది మన జవాబు. ఆ తీర్మానం ఎవరినీ కట్టిపడేయదు. కట్టిపడేయని కాగితానికి అంత ఉలికిపాటు ఎందుకో!

బాహాటంగా ఆపితే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో మనవాళ్ల కేసే ఉంది. ఒక తెలుగు పసిపాపనూ నాయనమ్మనూ చంపిన తెలుగు ఇంజనీరుకు 2014లో పెన్సిల్వేనియాలో మరణశిక్ష పడింది. 2015లో ఆ రాష్ట్ర గవర్నర్ టామ్ వుల్ఫ్ మరణశిక్షల అమలును తాత్కాలికంగా ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆ ఇంజనీరుకు 2018 ఫిబ్రవరిలో తేదీ పెట్టినా శిక్ష అమలు కాలేదు. ఆ పాపను తలుచుకుని గవర్నర్‌ను తిట్టినవాళ్లు ఉండే ఉంటారు. తిట్టడానికి కనీసం ఒక పేరుంది, ఒక సంతకం ఉంది. మన దగ్గర ఆ పని ఫైళ్ల మీది దుమ్ము చేస్తోంది, ఎవరి సంతకమూ లేకుండా.

ఐక్యరాజ్య సమితి తీర్మానం రెండేళ్లకోసారి ఓటింగుకు వస్తూనే ఉంటుంది. ఔనని చేయెత్తే ధైర్యం మన సర్కారుకు వెంటనే వస్తుందని నేననుకోను. తటస్థంగా ఉండటానికైతే పార్లమెంటులో చట్టం మార్చే పని కూడా లేదు.